మసి పూయని ఆకులు

నమోదు 1104. మే 6

గాలిలో తేమ అరవై రెండు శాతం. మంచు వలల నుంచి దిగిన నీళ్ళు నాలుగు బిందెలు. తాగడానికి సరిపోతాయి, స్నానాలు రేపటికి. సముద్రం గుట్ట మొదటి మెట్టుకి ఇంకా పదకొండు అడుగుల కిందే ఉంది. నిన్న కూడా అంతే. ఈ మాట రాయగలిగిన రోజు మంచిరోజే.

కొత్తగా చదివేవారి కోసం ఒక్కసారి చెబుతాను. ఇది ఎగువ నిలయం. మునిగిన ఊళ్ళ పుస్తకాలు, దస్తావేజులు, తాటాకు కట్టలు బోట్ల మీద ఇక్కడికి వస్తాయి. మేం దులిపి, బొమ్మ తీసి, ఎవరైనా ఎక్కడి నుంచైనా చూసుకునేలా పైకి, అందరి భాండాగారంలోకి పంపుతాం. అసలు ప్రతులు గుట్ట లోపలి సొరంగంలో పెట్టెల్లో ఉంటాయి. ఈ నమోదు కూడా అందరూ చదవొచ్చు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయమని మా అధికారి ప్రసన్నకుమార్ గారు చెబుతుంటారు. అలాగే రాస్తున్నాను. ఆయన ఇవాళ కూడా నా గ్లాసులోనే టీ తాగారు.

నిన్న మన భాండాగారాన్ని తెరిచినవాళ్ళు ముప్పైఎనిమిది వేల మంది. వాళ్ళలో ఒకరు ఎక్కడో తెప్ప మీద కూర్చుని నూట యాభై ఏళ్ళ కిందటి బడి హాజరుపట్టీలో ఒకే పేజీని నలభై నిమిషాలు చూశారు. ఎవరు చూశారో మాకు తెలియదు, ఎంతసేపు చూశారో తెలుస్తుంది. ఆ నలభై నిమిషాలు తలచుకుంటే నాకు ఇవాళంతా హుషారుగా ఉంది.

బొమ్మ తీసే యంత్రాన్ని మేం పెద్దకన్ను అంటాం. దాని దీపాలు అమర్చింది నేనే. అన్నీ నడినెత్తి నుంచి నిటారుగా దిగుతాయి. కాగితం మీద వెంట్రుకంత నీడ కూడా పడదు. నీడ లేని బొమ్మలకు ఇలాంటి ఏడు నిలయాల్లో మాదే మొదటి స్థానం, మూడేళ్ళుగా. ఖాళీ ఆకుల్ని వేరు చేసి పెట్టెల్లో పుస్తకానికీ పుస్తకానికీ మధ్య సర్దు ఆకులుగా వాడాలన్న ఆలోచన కూడా నాదే. ఇందుమతి అనే మనిషి గొప్ప చెప్పుకుంటోందని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. చెప్పుకుంటున్నాను మరి.

నమోదు 1112. మే 14

తీరం నుంచి బోటు వచ్చింది. ఒక మునిగిన గ్రంథాలయంలో మిగిలిన సరుకు: పందొమ్మిది పెట్టెలు, వాటిలో పదకొండు తడి. దులుపుడు గదిలో చేతులు చాలక అందరం కూర్చున్నాం.

దులుపుడు గదికి పెద్ద యాళ్ళ నూకరత్నం గారు. అరవైఎనిమిదేళ్ళ మనిషి. చదువు రాదు. కానీ ఏ కాగితాన్ని ఎటు నుంచి పట్టుకుంటే చిరగదో ఆవిడకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలియదు, నాతో సహా. తాటాకు మీద నిమ్మగడ్డి నూనె రాసి మెత్తటి నూలుగుడ్డతో తుడుస్తుంటే చంటిపిల్లకు నలుగు పెడుతున్నట్టు ఉంటుంది. ఆవిడ పని చూస్తూ నేను టీ చల్లార్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఇవాళ ఆవిడకో ఉత్తరం వచ్చింది. చదివి పెట్టమని నాకిచ్చారు. మునిగిన ఊళ్ళవాళ్ళకు స్థలాలు ఇచ్చే ఊర్ల సభ నుంచి. రత్నం గారిది గోదావరి పాయల మధ్య ఉండే నేరేళ్ళలంక. పన్నెండేళ్ళ కిందట మునిగింది. ఆ లంకవాళ్ళు అరవై ఒక్క ఇళ్ళవాళ్ళు అప్పటి నుంచీ ఒకే చోట తెప్పల మీద ఉంటున్నారు. మెట్ట మీద వాళ్ళకు స్థలం ఇస్తారట. అయితే చట్టం ఒకటుంది: పేరున్న ఊరిని విడదీయకూడదు. పేరు లేని గుంపునైతే చీట్లు వేసి పదకొండు శిబిరాలకు పంచుతారు. ఊరికి పేరుందని చూపాలంటే నూరేళ్ళకు తక్కువ కాని రాత ఒకటి భాండాగారంలో ఉండాలి. జూన్ 20న ఇది తేల్చడానికి సభ బోటు ఈ గుట్ట కిందికే వస్తుంది.

"అంటే రాత లేపోతే మా బుల్లబ్బాయి ఓ సోట, మా ఆడపడుచు ఓ సోట పోవాలాండి?" అని అడిగారు రత్నం గారు.

"రాత ఉండకుండా ఎలా ఉంటుందండీ, వెతుకుదాం," అన్నాను నేను, నా భాండాగారం మీద నాకున్న ధీమాతో.

నాలుగు గంటలు వెతికాను. సర్వే పటాలు, శిస్తు దస్త్రాలు, జనాభా లెక్కలు. అన్నింట్లో ఆ లంక ఉంది. ఎక్కడా పేరు లేదు. "ఏటి నడిమి భూమి" అని రాసి వదిలేశారు. వరద వచ్చినప్పుడల్లా కరిగి మళ్ళీ మేట వేసే నేలకు పేరెందుకు అనుకున్నారు కాబోలు. రెండు వందల ఏళ్ళ పాటు మనుషులు పుట్టి, పెళ్ళిళ్ళు చేసుకుని, చచ్చిపోయిన చోటు ప్రభుత్వానికి వట్టి ఇసుకదిబ్బ. నాకు ఒళ్ళు మండింది.

నమోదు 1117. మే 19

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

తీరం పెట్టెల్లో ఒక తాటాకు కట్ట. ముప్పైఏడు ఆకులు. పెద్దకన్ను కింద పెట్టాను. ముప్పైఏడూ ఖాళీ అని తేల్చింది. నేనూ కళ్ళారా చూశాను, నున్నటి పసుపుపచ్చటి ఆకులు. ఖాళీ అని సంతకం చేసి సర్దు ఆకుల గంపలో వేయమని రత్నం గారికిచ్చాను. ఆవిడ వేయలేదు. గుడ్డ ఒకసారి ఇటు లాగారు, ఒకసారి అటు లాగారు.

"అమ్మాయిగారండి, ఇయ్యి కాళీవి కాదండి."

"యంత్రం చూసింది కదండీ."

"ఆయ్, సూసిందండి. నేను తుడిసేనండి. కాళీ ఆకు మీద గుడ్డ జారిపోద్దండి. దీని మీద పట్టుకుంటంది. అడ్డంగా లాగితే పడతంది, నిలువుగా లాగితే ఇంకా పడతంది. ఏదో గీకేరండి దీని మీద."

పెద్దకన్ను వెయ్యో వంతు మిల్లీమీటరు మచ్చను పట్టుకుంటుందని ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ అంతా విని, నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని ఆకు మీద పెట్టి మెల్లగా జరిపారు.

గరుకు. వరసగా, ఒక బారున గరుకు.

పరుగెత్తుకెళ్ళి పెద్దకన్ను దీపాలన్నీ ఆర్పేసి, చేతిదీపం ఒకటి తెచ్చి ఆకు పక్కన బల్లకు ఆనించి పట్టుకున్నాను. వెలుగు వాలుగా పడింది. ఆకు ఈ చివర నుంచి ఆ చివరకు అక్షరాలు లేచాయి. గుండ్రటి, పొందికైన, తొందర లేని అక్షరాలు.

తెలియనివారికి చెప్పాలి. తాటాకు మీద రాయడమంటే గంటంతో గీయడం. గీసినప్పుడు అక్షరం కనపడదు. తరువాత దీపపు మసిని నూనెలో కలిపి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి రాత బయటపడుతుంది. ఈ కట్టకు ఎవరో గీయడం పూర్తి చేశారు, మసి పూయలేదు. ఇందులో అక్షరమంటే గీత అంచున పడే నీడే. నీడ లేకుండా చేయడమే నేను మూడేళ్ళుగా సాధించిన ఘనకార్యం.

రత్నం గారు ఇంకో గుడ్డ తీసుకుని తరువాతి ఆకు తుడవడం మొదలుపెట్టారు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 1119. మే 21

రెండు రోజులు కూర్చుని చదివాను. అది ఇళ్ళ వరుస. ఏదో పెద్ద వరద తగ్గాక ఒక లంక మీద మళ్ళీ ఎవరి ఇల్లు ఎక్కడ వేసుకోవాలో ఎగువ నుంచి దిగువకు ఒక కరణం రాసిపెట్టాడు. ఇంటివారి పేరు, పాకను నిలబెట్టే నిట్రాళ్ళు ఎన్ని, స్థలం ఎన్ని మూరలు, పక్కిల్లు ఎవరిది. ఎంత శ్రద్ధ ఆయనకు! ఒకచోట, "మోకావారి ముసలమ్మకు కళ్ళు కానరావు గనుక రేవుకు దగ్గరగా" అని రాశాడు. ఆయన పేరు ఎక్కడా రాసుకోలేదు. ఎదురుగా ఉంటే కాళ్ళకు దణ్ణం పెట్టేదాన్ని.

చదువుతుంటే రత్నం గారు పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. "గుబ్బలవారు" అన్నాను. "ఉన్నారండి, మా ఎనకాల తెప్ప." "కడలివారు." "ఆళ్ళు నాలుగిళ్ళయ్యేరండి ఇప్పుడు." "యాళ్ళవారు." చూస్తే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

ఇది నేరేళ్ళలంక కాకపోతే మరేది? కానీ ముప్పైఏడు ఆకుల్లో ఎక్కడా లంక పేరు లేదు. "ఈ లంక" అనే ఉంది. కట్టలో ఆకులకు అంకెలున్నాయి, ప్రతి అంకె పక్కన మొత్తం నలభైఆరని ఉంది. పదోది మొదలుకొని వరుసగా ఉన్నాయి, చివర నలభైఆరోది లేదు. అంటే పోయినవి పైనున్నవీ, కిందున్నదీ. కట్ట తాడు తెగితే ముందు జారేవి పై ఆకులూ, అట్టడుగు ఆకే. పేరు రాసేదీ అక్కడే.

(పై లెక్క మళ్ళీ చూసుకున్నాను. ఉన్నవి తొమ్మిది నుంచి నలభైఅయిదు వరకు. పోయినవి మొదటి ఎనిమిది, చివరిది ఒకటి. మొత్తం తొమ్మిది. కొట్టేసి దిద్దడం మా నిబంధనలకు విరుద్ధం కాబట్టి తప్పు కూడా ఉంచుతున్నాను.)

ఆ తొమ్మిదీ ఎక్కడున్నాయో నాకు తెలిసింది. అదే తీరం నుంచి డిసెంబరులో మొదటి విడత వచ్చింది. అందులో విడి ఆకులు తొమ్మిది. ఖాళీ అని తేల్చింది పెద్దకన్ను, సంతకం ఇందుమతి. తరువాత అవి సర్దు ఆకులైపోయాయి. సొరంగంలో ఏ పెట్టెలో ఏ పుస్తకాల మధ్య ఉన్నాయో రాసుకోలేదు. ఖాళీ ఆకుకు లెక్కెందుకని అన్నది కూడా నేనే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను ఆ పిల్లాణ్ణి పరుపు కింద పెట్టి దాని మీద పడుకున్నాను.

రత్నం గారికి అంతా చెప్పేశాను. తల దించుకునే చెప్పాను.

"కాల్చెయ్యలేదు కదండి?" అని అడిగారు.

"లేదండి."

"ముక్కలు సెయ్యలేదు కదా?"

"లేదు. నిండు ఆకులే పెట్టాం."

"అయితే దొరుకుతాయండి. మీరు అన్నం తినండి ముందు."

నమోదు 1122. మే 24

ప్రసన్నకుమార్ గారితో మాట్లాడాను. మూడేళ్ళలో నేను ఖాళీ అని సంతకం చేసిన 1,140 ఆకుల మీద ఆ సంతకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని, ఈ విషయం భాండాగారం మొదటి పేజీలోనే పెట్టాలని చెప్పాను. మొదటి స్థానం పోతుంది. ఆయన టీ గ్లాసు, అంటే నా గ్లాసు, బల్ల మీద పెట్టారు.

"సభవాళ్ళు వచ్చి వెళ్ళాక, జూన్ ఇరవై దాటాక పెడితే?" అన్నారు.

"అప్పటిదాకా ఎవరో ఇంకొకరు తమ ఊరి రాత లేదనుకుని ఊరుకుంటారు సార్."

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు, అంతే. ఆ స్థానం మీద ఆయనకు నాకంటే ఎక్కువ మమకారం. అయినా తన పేరుతోనే ప్రకటన రాశారు. అందులో నా తప్పును సగం తన మీద వేసుకున్నారు. ఇది నేను ఊహించలేదు.

డిసెంబరు తరువాత కట్టిన పెట్టెలు 615. తేమ అరవై లోపు ఉన్నప్పుడే సొరంగం తలుపు తీయాలి. అంటే రోజుకు పదింటి నుంచి మూడింటి దాకా. పనిచేసేవాళ్ళం ఆరుగురం. ఎలా లెక్కేసినా ఆగస్టు అవుతుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే.

నమోదు 1131. జూన్ 2

పొద్దున్నే గుట్ట కింద తెప్పలు ఆగాయి. నేరేళ్ళలంకవాళ్ళు నలభైముగ్గురు. ముందు నడిచొచ్చినాయన పెనుమాల బుల్లబ్బాయి గారు, ఆ ఊరి పెద్ద, రత్నం గారు ఆ రోజు తలచుకున్న ఆయనే. లుంగీ పైకి కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, చేతిలో కొబ్బరి ఈనెపుల్లల కట్ట పట్టుకొచ్చారు.

"రత్నం కబురెట్టిందండి. ఆకు పొడుగెంతో, తాడు కన్నానికీ కన్నానికీ దూరమెంతో సెప్తే పుల్లలకి గాట్లెట్టుకుంటాం. కొలత తప్పితే పక్కనెట్టేత్తాం, కుదిరితే గుడ్డ లాగి సూత్తాం. మాకు అచ్చరాలు రావాలాండి?"

"అక్కర్లేదండి," అన్నాను.

ఆరుగురికి మూడు నెలలు పడుతుందనుకున్న పనికి వాళ్ళు నలభైముగ్గురు ఈనెపుల్లలతో వచ్చారు. నేను వాళ్ళకు ఒక్క గంట పని నేర్పాను. పుస్తకాన్ని రెండు చేతులతో ఎలా ఎత్తాలో, ఎక్కడి నుంచి తీసింది అక్కడే ఎలా పెట్టాలో. రెండో గంటకు వాళ్ళే నా పట్టు సరిచేశారు. వల బాగుచేసే చేతులవి. నీళ్ళలో కనపడని ముడిని వేళ్ళతోనే విప్పే చేతులు. ఆ చేతుల్లో మూడు వందల ఏళ్ళ నాటి పుస్తకం కూడా ధైర్యంగా ఉన్నట్టు అనిపించింది నాకు.

వాళ్ళు వాళ్ళ ఆకులే వెతుక్కోలేదు. కొలత కుదరకపోయినా ప్రతి సర్దు ఆకు మీదా గుడ్డ లాగారు. పట్టుకున్నది వేరే గంపలో వేశారు. ఇది ఎవరూ చెప్పలేదు వాళ్ళకు.

"ఇయ్యి ఎవురి ఊరివో కదండి," అంది ఒకావిడ.

నమోదు 1140. జూన్ 11

అయిదో రోజుకు ఆకులు నాలుగు దొరికాయి, ఎనిమిదో రోజుకు ఏడు. అన్నీ ఇళ్ళ వరుసే. పేరు లేదు. ఇవాళ 588వ పెట్టెలో, రెండు పురుగు తొలిచిన వైద్యం పుస్తకాల మధ్య మిగిలిన రెండూ ఒకదాని వీపుకొకటి ఆనుకుని కనిపించాయి. తీసింది బుల్లబ్బాయి గారి కోడలు. పుల్ల పెట్టింది, గాట్లు కుదిరాయి. గుడ్డ లాగింది. నా వైపు చూసి తల ఊపింది.

చేతిదీపం వాల్చి పట్టుకున్నాను. మొదటి ఆకు, మొదటి బారు: నేరేళ్ళలంక ఇళ్ళ వరుస.

పైకే చదివాను. సొరంగమంతా ఒక్కసారి కేకలు. అక్కడ గట్టిగా మాట్లాడకూడదని బోర్డు ఉంది. దాని కిందే నిలబడి ప్రసన్నకుమార్ గారు కూడా అరిచారు.

రెండో ఆకు వాళ్ళందరూ మెట్లెక్కి పైకి వెళ్ళాక చదివాను. అది కట్టలో చివరిది. "ఈ వరుస ఊరందరికీ చదివి వినిపించవలెను. అందరూ ఒప్పుకొన్న పిమ్మట మసి పూయవలెను."

అప్పుడర్థమైంది మసి ఎందుకు లేదో. చదవడం జరగలేదు. మళ్ళీ వరదే వచ్చిందో, కరణమే పోయాడో. ఈ రాతను ఊరు ఒప్పుకోలేదు. ఒప్పందం కాని రాతను ఊర్ల సభ రాతగా లెక్కపెట్టదు.

నమోదు 1141. జూన్ 12

నేను రత్నం గారితో ఏమన్నానో ఇక్కడ రాయకపోయినా ఎవరికీ తెలియదు. రాస్తాను. "చివరి ఆకు తప్ప మిగతావన్నీ ఇవాళ పైకి పంపుదాం. అది ఇరవై ఒకటో తారీఖున పంపుదాం. అబద్ధం కాదు, ఆలస్యం అంతే," అన్నాను. ప్రసన్నకుమార్ గారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

రత్నం గారు చేతిలో గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టారు.

"ఇందుమతమ్మా, అరవై ఏళ్ళొచ్చినోళ్ళు కూడా తెప్ప మీద కూకుని మీరెట్టిన బొమ్మలు సూత్తారు. ఎందుకు సూత్తారండి? ఉన్నదంతా ఎట్టేరన్న నమ్మకంతో. మాకు కావాల్సిన ఆకులే ఎడితే ఇంకది ఎవురు నమ్ముతారు? మా ఊరి పేరు దాని మీదేగా నిలబడాలి."

"మరి సభవాళ్ళు కాదంటేనో?"

"కాదంటే పదకొండు సోట్లకి పోతాం. దొంగతనంగా ఒక సోట ఉండమండి."

నలభైఆరు ఆకులూ పంపాను, ఒక్కో ఆకుకు మూడు వైపుల నుంచి వాలు వెలుగు వేసి. పెద్దకన్ను మొదట ఖాళీ అంటూ వెనక్కి కొట్టింది. దాని దీపాల అమరిక మార్చడానికి సాయంత్రమైంది. నా జీవితంలో నేను చేసిన మంచి బొమ్మలు ఇవే. నిండా నీడలు.

నమోదు 1149. జూన్ 20

సభ బోటు పదింటికి వచ్చింది. ముగ్గురు సభ్యులు. సభ పెద్దావిడ డెబ్భైకి దగ్గర్లో ఉంటారు, కళ్ళద్దాలు, తీరికగా మాట్లాడతారు. నేరేళ్ళలంకవాళ్ళు రెండు వందల మంది పైచిలుకు గుట్ట మెట్ల మీద కూర్చున్నారు. పిల్లలకు కూడా ఉతికిన బట్టలు వేశారు.

ఆవిడ అన్ని ఆకులూ ముందే చదివి వచ్చారు. ఆకు వయసు గురించి అడిగారు. రెండు వందల ఏళ్ళ పైమాటే అని పరీక్ష కాగితం చూపించాం. పేరు చూశారు. తరువాత చివరి ఆకు చేతిలోకి తీసుకున్నారు.

"ఇది పంపకుండా ఉండొచ్చు మీరు," అన్నారు నాతో.

"నేను వద్దనే అన్నానండి. ఆవిడ పంపించారు," అని రత్నం గారిని చూపించాను.

"మీ నిజాయితీకి నమస్కారమమ్మా. కానీ రాసినాయనే అంటున్నాడు, ఊరు ఒప్పుకుంటేనే ఇది రాత అవుతుందని. ఒప్పుకున్నట్టు గుర్తు లేదు. దీన్ని నేనెలా ఒప్పుకోను?"

రెండు వందల మందిని పదకొండు శిబిరాలకు పంచితే ఒక్కో చోటికి ఎందరు అని నేను అర్థం లేని లెక్కలు వేస్తున్నాను. అప్పుడు రత్నం గారు లేచారు.

"రాసిన అయ్యగారు సదివి ఇనిపించమన్నారు కదండి. ఎవురూ ఇనిపించలేదు మాకు. ఊరంతా ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు ఇంటాం."

సభ పెద్దావిడ ఆవిడను చూశారు, మెట్ల మీద వాళ్ళను చూశారు. నాకు సైగ చేశారు.

ఆ కరణం చేయాల్సిన పని నా చేతికి వచ్చింది. ప్రసన్నకుమార్ గారు మెట్ల పైన గుమ్మం నీడలో దీపం వాల్చి పట్టుకున్నారు. నేను చదివాను. "ఎగువ మొదటి ఇల్లు పెనుమాలవారు. ఆరు నిట్రాళ్ళ పాక." మెట్ల మీద నుంచి, "ఉన్నాం. ఒప్పుకున్నాం." తొమ్మిదో ఆకు దాటాక "కడలివారు." నాలుగు వైపుల నుంచి నాలుగు గొంతులు, "ఒప్పుకున్నాం." మోకావారి ముసలమ్మ రేవు మాట చదివినప్పుడు మోకావారి పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇంటి తరువాత ఇల్లు. యాభై దాటాం. "యాళ్ళవారు" అన్నాను. రత్నం గారు చెయ్యెత్తి, "ఒప్పుకున్నామండి," అన్నారు.

"బొంతువారు," అన్నాను.

ఎవరూ పలకలేదు. మళ్ళీ చదివాను. బుల్లబ్బాయి గారు తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ, "ఆ ఇంటోళ్ళు లేరండి. లంక మునిగిన ఏడాదే పోయేరు, అయిదుగురూను," అన్నారు.

సభ పెద్దావిడ కళ్ళద్దాలు తీశారు. "అందరూ అని ఉంది, అమ్మా," అన్నారు. ఆవిడకీ ఆ మాట అనాలని లేదు.

రత్నం గారు కూర్చోలేదు. "ఆరి పక్కిల్లు ఎవురిదని రాసుందండి అందులో?"

దీపం కిందికి ఆకు దించి చూశాను. "పక్కిల్లు యాళ్ళవారు. ఇరువురికీ నడిమి దడి ఒక్కటే."

"ఆ దడి ఇవతల నేనున్నానండి. ఆరి తరపున ఒప్పుకున్నాను. కొత్తూళ్ళో మా పక్కన ఆరి సలం ఆరికి వదిలేత్తాం. ఎవురూ రాపోయినా వదిలేత్తాం. దాంట్లో ఇంకోళ్ళు ఇల్లెయ్యరు. ఊరంతా ఇంటన్నారు కదా, ఎవురైనా కాదంటారేమో అడగండి."

కాదన్నవాళ్ళు లేరు. మిగిలిన ఇళ్ళు చదివాను. చివరి ఇంటివాళ్ళు ఒప్పుకున్నాం అన్నాక ఆకు కింద పెట్టాను. నా గొంతు అప్పటికే పోయింది.

సభ పెద్దావిడ మా అధికారి వైపు తిరిగి, "మసి ఉందా మీ దగ్గర?" అని అడిగారు.

అసలు ప్రతి మీద కొత్త గుర్తు ఏదీ పడకూడదన్నది ఈ నిలయంలో మొదటి నిబంధన. దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది ప్రసన్నకుమార్ గారే. ఆయన దీపం నా చేతికిచ్చి వంటగదిలోకి పరుగెత్తారు. దీపం మీద మూకుడు బోర్లించి, పట్టిన మసిని తన గుర్తింపు కార్డుతో గీకి, నిమ్మగడ్డి నూనెలో కలిపి తీసుకొచ్చారు. చొక్కా ముందుభాగమంతా నలుపు.

రత్నం గారు కూర్చుని మొదటి ఆకు ఒళ్ళో పెట్టుకున్నారు. మసి ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దారు. ఆకు మొత్తం నల్లబడింది. గుడ్డ తీసుకుని ఒక్కసారి, బారు వెంట, మెల్లగా తుడిచారు.

నడిమధ్యాహ్నం ఎండలో, నెత్తి మీద నుంచి నిటారుగా పడుతున్న వెలుగులో, నేరేళ్ళలంక అన్న పేరు నల్లగా కనిపించింది. చదవడం రానివాళ్ళు కూడా వరుసగా వచ్చి చూశారు. రత్నం గారు ఆకు తిప్పి తిప్పి ఒక్కొక్కరికీ చూపించి, తరువాతి ఆకు అందుకున్నారు. ఇంకా నలభైఅయిదు ఉన్నాయి.